తీరం వైపు బిళ్ళ

మ్యూరియల్ ట్రెవెనా మెట్లెక్కి వచ్చేసరికి ఎనిడ్ కమిల్లేరి కిటికీ దగ్గర నిలబడి ఈగల్ని తోలుతోంది. భూగోళానికి దక్షిణాన ఉన్న పోర్ట్ మారల్‌లో జనవరి అంటే ఎండ, ఈగలు, వేసవి పండగ. ఈ ఏడు పండగ చివరి రోజున ఆగిపోయింది కనుక మిగిలినవి ఎండా ఈగలే. కింద చేపల వేపుళ్ళ కొట్టు, పైన ఎనిడ్ డిటెక్టివ్ ఆఫీసు. వచ్చే ప్రతి మనిషి కష్టమూ నూనె వాసనతో కలిసే లోపలికొస్తుందని ఆమె సహాయకుడు నెవిన్ ప్యాస్కో అంటుంటాడు.

మ్యూరియల్ కూర్చోలేదు. చేతిలో ఉన్న గుడ్డసంచీని కడుపుకి హత్తుకుని నిలబడింది.

"మా ఆయన్ని చంపింది మా మరిది క్లైవ్. మీరు రుజువు చెయ్యాలి."

"ముందు కూర్చోండి," అంది ఎనిడ్. "రుజువులు ఎక్కడికీ పారిపోవు."

రెజ్ ట్రెవెనా సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం పెద్ద ఈతలో దిగాడు. జెట్టీ దగ్గర మొదలుపెట్టి, దూరంగా తేలే పసుపు పీపాని చుట్టి, తిరిగి ఇసుక మీదికి రావాలి. ఆ సాయంత్రం జాతరలో అతను కనబడలేదు. స్నేహితులతో తాగుతున్నాడేమో అనుకున్నారు. తెల్లారి ఉత్తరపు రాళ్ళ మీద శవం దొరికింది. తల పగిలి, చేతులు గీసుకుపోయి ఉన్నాయి.

నీళ్ళలో పోయాడనుకోవడానికి లేదు, ఎందుకంటే బిళ్ళ ఒప్పుకోదు. ఈత క్లబ్బు గోడకి ఒక నల్లచెక్క ఉంది. ఒకవైపు తీరం, ఒకవైపు నీళ్ళు. దిగేవాడు తన పేరున్న ఇత్తడి బిళ్ళని నీళ్ళ వైపు తగిలిస్తాడు, ఒడ్డుకొచ్చాక తీరం వైపు మారుస్తాడు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోరు. మనిషి పోయాక మాత్రం ఇంటి పెద్ద దాన్ని తీసి పై వరసకెక్కిస్తారు. బతికున్నవాడి బిళ్ళ మీద చెయ్యేస్తే వాడి ఆయుష్షు మీద చెయ్యేసినట్టేనని ఆ ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు. రెజ్ బిళ్ళ తీరం వైపుంది. అంటే రెజ్ ఒడ్డుకొచ్చాడు. ఒడ్డుకొచ్చినవాణ్ణి ఎవరో తలమీద కొట్టి నీళ్ళలో తోశారు. తండ్రి వదిలిపోయిన పడవల షెడ్డు ఎవరిదన్న తగాదాలో అన్నదమ్ములకి రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ పైన ఊరు తనకి తోచినట్టు కథ అల్లుకుంది.

"మీరు అతనితో మాట్లాడతారా?" అని అడిగింది ఎనిడ్.

"క్లైవ్‌తోనా? రెండేళ్ళుగా ఆ మొహం వైపే చూళ్ళేదు. వాడు ఇటొస్తే నేను అటు పోతాను."

"సంచీలో ఏముంది?"

"ఈతకి ముందు మా ఆయన బల్లకింద పెట్టుకున్నవి. పోలీసులు చూసి ఇచ్చేశారు."

నెవిన్ ఒక్కొక్కటీ తీశాడు. మడత విప్పని తువ్వాలు. చొక్కా. జోళ్ళు. ఎడమ జోడులో దళసరి అద్దాల కళ్ళజోడు. ఎనిడ్ దాన్ని పెట్టుకుని చూసి, కళ్ళు నలుపుకుని తీసేసింది.

"ఇది లేకపోతే ఆయనకి కనిపించేదా?"

"గోడని తలుపనుకునేవాడు." మ్యూరియల్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒడ్డుకొచ్చాడు కదండీ? బిళ్ళ చెప్తోంది కదా? ఒడ్డుకైతే వచ్చాడు కదా?"

ఆమె వెళ్ళేలోపు ఆ మాటే మళ్ళీ అడిగింది. చంపిందెవరన్న దానికంటే ఇదే ఆమెని ఎక్కువ పీడిస్తోందని నెవిన్‌కి అనిపించింది. పిచ్చిదానికి భర్త మీద అంత ప్రేమ అనుకుని, జాలిపడి ఊరుకున్నాడు.

ఇసుక తీరం మీద తోరణాలింకా విప్పలేదు. సాసేజీలు కాల్చే డేరాలు ఖాళీగా ఉన్నాయి. పండగ అధ్యక్షుడు బారీ లౌడన్ క్లబ్బు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఏటా మైకులో అరిచేది అతనే.

"రెజ్ గాడా! వాడి తల మెడకి అతికి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ ఎక్కడో పెట్టి మర్చిపోయేవాడు. ఒకప్పుడు ఏటా బిళ్ళ మార్చడం మర్చిపోయేవాడమ్మా. నేను మైకులో, 'రెజ్ ట్రెవెనా ఇంకా సముద్రంలోనే ఉన్నాడహో, వాళ్ళావిడకి వేరే సంబంధం చూడండహో' అని అరిచేవాణ్ణి. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. వాడు ఎర్రబడిపోయి, చేతిలో సాసేజీతోనే పరిగెత్తుకొచ్చేవాడు."

"ఈ ఏడు కూడా అరిచారా?"

"లేదు. ఈమధ్య కొన్నేళ్ళుగా వాడికి బుద్ధొచ్చింది. ఎప్పుడు చూసినా బిళ్ళ సరిగ్గానే ఉంటోంది. నాకే వెలితిగా ఉండేది."

పక్కనే వలతాడు చుట్టుకుంటున్న ముసలాయన పెర్సీ నాంకివెల్. కాపలా పడవ అతనిది. పెద్ద ఈత జరుగుతున్నంతసేపూ ఆ పడవ నీళ్ళమీద ఉంటుంది.

"ఎప్పుడు వెనక్కొచ్చారు?" అని అడిగాడు నెవిన్.

"నీళ్ళ వైపు ఖాళీ అయిందని జెండా ఊపారు, వచ్చేశాను. దక్షిణపు గాలి లేచింది. కెరటాలు ఎత్తుగా ఉన్నాయి. అందరూ వచ్చేశాక నేనక్కడ ఎవరికి కాపలా?" పెర్సీ తల ఎత్తలేదు. "అలా అడుగుతారేం? జెండా చూసే వచ్చానయ్యా. చెక్క చూసే ఊపారు జెండా."

చెక్కకి ఎదురుగా, నాలుగడుగుల్లో, టీ డేరా ఉంది. పండగలో ఆ డేరా నడిపేది మ్యూరియలేనని బారీ చెప్పాడు. "మంచి మనిషి. గోధుమ చేల వైపునుంచి వచ్చింది. మా సముద్రపు పట్టింపులు చూసి నవ్వుతుంది గానీ, పండగకి మాత్రం అందరికంటే ముందుంటుంది."

క్లైవ్ ట్రెవెనా పడవల షెడ్డులోనే ఉన్నాడు. పోలీసు సార్జెంట్ హెస్ అతన్ని ఊరు దాటొద్దన్నాడు. మర్నాడు అరెస్టని ఊరంతా అనుకుంటోంది. గోడ మేకుకి ఎర్రచారల పసుపు టోపీ ఒకటి వేలాడుతోంది. గడ్డం కింద తాళ్ళు కట్టుకునే గుడ్డ టోపీ.

"మా నాన్న కాలంనుంచీ మా ఇంటి రంగు ఇదే," అన్నాడు. "అన్నయ్యదీ ఇలాంటిదే."

"నీళ్ళలో అన్నయ్యని చూశావా?"

"పీపా దగ్గర చూశా. నా వెనకాల ఉన్నాడు. నన్ను వాడు ఎప్పుడూ దాటలేదు, చిన్నప్పట్నుంచీ. నేనొచ్చి, కుళాయి కింద ఉప్పు కడుక్కుని, బిళ్ళ మార్చడానికి వెళ్తే వాడిది అప్పటికే తీరం వైపుంది. ఔరా, ముసలాడు ఈసారి నన్ను కొట్టేశాడే అనుకున్నా. సార్జెంటుకి ఇదే చెప్తే నవ్వాడు. వెనకాల ఉన్నవాడు ముందెలా వస్తాడ్రా, అబద్ధమైనా అతికేలా చెప్పు అన్నాడు."

ఎనిడ్ మేకుకున్న టోపీ తాళ్ళు వేళ్ళతో పట్టి చూసింది. తర్వాత, "ఆ రోజు ఇంకేమైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే," అంది.

క్లైవ్ మొహంలో ఆ పూట మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "ఒకటుంది. నేను ఒడ్డుకొస్తుంటే వదిన డేరాలోంచి చెయ్యి ఊపింది. రెండేళ్ళ తర్వాత! నేనూ ఊపా. గొడవ తీరిపోయిందిలే, రాత్రికి వాళ్ళింటికెళ్ళి షెడ్డు తాళంచెవి అన్నయ్య చేతిలో పెట్టేద్దాం అనుకున్నా. కొట్టుకున్నది చాలు అనిపించింది." తల వంచుకున్నాడు. "ఇప్పుడు అదే వదిన నేను చంపానంటోంది. అంటే అననీండి. ఆ చెయ్యి ఊపడం మాత్రం నేను కళ్ళారా చూశా."

బయటికి రాగానే నెవిన్ ఉత్సాహంగా, "ఆవిడ అతని మొహమే చూళ్ళేదంది. ఇతనేమో చెయ్యి ఊపిందంటున్నాడు. ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్తున్నారు కదా మేడమ్!" అన్నాడు.

"ఇద్దరూ నిజమే చెప్తున్నారు నెవిన్. అదే వచ్చిన చిక్కు."

పెర్సీ పడవలో బయటి పీపా దగ్గరికి వెళ్ళారు. పండగ ఆగిపోయాక దాన్ని తీసుకురావాలని ఎవరికీ తోచలేదు. పెర్సీ పడవని పీపా చుట్టూ తిప్పాడు. సముద్రం వైపున్న ఇనుపకొంకీకి ఎర్రచారల పసుపు టోపీ కట్టి ఉంది. పీపా పసుపు, టోపీ పసుపు, పైగా అవతలి వైపు. ఒడ్డునుంచి ఎవరికి కనిపిస్తుంది? తాళ్ళు రెండు ముళ్ళు వేసి గట్టిగా బిగించి ఉన్నాయి. పీపా నడుమంతా పదునైన గుల్లలు పట్టి ఉన్నాయి.

పెర్సీ తెడ్డు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నెవిన్‌కి కూడా అప్పుడు అర్థమైంది. కేసు విడిపోయినప్పుడల్లా అతనికి కలిగే సంబరం ఈసారి రాలేదు.

తిరిగొచ్చాక ఎనిడ్ నేరుగా టీ డేరాకి వెళ్ళింది. మ్యూరియల్ పింగాణీ కప్పులు పెట్టెలో సర్దుతోంది.

"ఇక్కడితో ఆపేస్తే మీకు మంచిదని నా సలహా. క్లైవ్ నిర్దోషని సార్జెంటుకి నేను విడిగా చెప్పుకుంటాను."

"నిర్దోషా? వాడా?" మ్యూరియల్ కప్పు పెట్టెలో పెట్టకుండానే ఇటు తిరిగింది. "ఆపకండి. అందరి ముందూ చెప్పండి. ఎవరో ఒకరు చంపారని చెప్పండి. వాడు కాకపోతే ఇంకొకడు. ఎవరో ఒకరు ఉండాలి కదా!"

ఆ సాయంత్రం క్లబ్బు హాల్లో అందరూ చేరారు. బారీ, పెర్సీ, సార్జెంట్ హెస్, గోడవార క్లైవ్, ముందు కుర్చీలో మ్యూరియల్. ఆమె వెనక, బయటినుంచి తెచ్చి గోడకి ఆనించిన నల్లచెక్క, దానిమీద ఇత్తడి బిళ్ళలు.

"ఈ కేసంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది," అంది ఎనిడ్. "ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోరు. కాబట్టి రెజ్ తన బిళ్ళ తనే మార్చుకున్నాడు, కాబట్టి ఒడ్డుకొచ్చాడు. సార్జెంట్, అతని కళ్ళజోడు కాలిజోడులో అలాగే ఉంది. తువ్వాలు మడత విప్పలేదు. గోడకీ తలుపుకీ తేడా తెలియనివాడు కళ్ళజోడు పెట్టుకోకుండా, తడి తుడుచుకోకుండా ముందు బిళ్ళ వెతుక్కుంటూ వెళ్తాడా? అదీ, మర్చిపోవడంలో పేరుపడ్డవాడు?"

"మరి తలమీద దెబ్బ?" అన్నాడు సార్జెంట్.

"చేతులమీద గీతల మాటేమిటి? మీ నివేదికలో రెండు చేతుల లోపలివైపూ గీతలున్నాయన్నారు. రాళ్ళకి కొట్టుకుంటే లోపలే ఎందుకు గీసుకుంటుంది? దేన్నయినా కావలించుకుంటే లోపల గీసుకుంటుంది. పీపాకి గుల్లలున్నాయి." ఆమె టోపీ తీసి బల్లమీద పెట్టింది. "ఇది పీపాకి కట్టి ఉంది. కండరాలు పట్టేశాయో, ఊపిరే అందలేదో, రెజ్ పీపాని పట్టుకున్నాడు. ఈత రానివాడు కాదు, కంగారు పడలేదు. టోపీ విప్పి గుర్తుగా కట్టాడు. తన బిళ్ళ నీళ్ళ వైపుంది కాబట్టి పడవ వస్తుందని అతనికి తెలుసు. ఈ ఊళ్ళో పుట్టినవాడు. చెక్కని నమ్మి అక్కడే ఉన్నాడు. పట్టు జారాక కెరటాలు రాళ్ళకేసి కొట్టాయి, తల అక్కడే పగిలింది. ఎవరూ చంపలేదు."

"మరి బిళ్ళ ఎవడు మార్చాడు?" అన్నాడు బారీ.

ఎనిడ్ జవాబు చెప్పకుండా మ్యూరియల్ వైపు తిరిగింది. ఇంత మెత్తగా ఆమె మాట్లాడగా నెవిన్ ఎన్నడూ వినలేదు.

"ఎన్నేళ్ళుగా మారుస్తున్నారమ్మా?"

మ్యూరియల్ ఒళ్ళోని చేతుల్నే చూస్తూ మాట్లాడింది.

"మైకులో వెక్కిరిస్తే ఆయన ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు. నవ్వేవాడు, కానీ తినేవాడు కాదు. అందుకని ఆయన రావడం చూడగానే నేనే మార్చేసేదాన్ని. ఆయనక్కూడా తెలీదు. తనే మార్చానని మురిసిపోయేవాడు." వెనకనున్న చెక్క వైపు ఒకసారి తిరిగి చూసింది. "ఈసారీ చూశాను. ఎండ కళ్ళలో పడుతోంది, మొహం కనబళ్ళేదు. పసుపు టోపీ. చెయ్యి ఊపాను. ఊపాడు. ఊపాడండీ! ఆయనే అనుకున్నా. కళ్ళజోడు చూశాక గుండె జారిపోయింది. కాదు, వచ్చే ఉంటాడు, ఎవడో చంపేసి ఉంటాడు అని నాకు నేనే..."

గోడవారనుంచి క్లైవ్ ముందుకొచ్చాడు. జైలు తప్పినవాడి మొహంలా లేదు అది.

"వదినా. నువ్వు చెయ్యి ఊపింది నాకు కాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

సార్జెంట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బారీ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తప్పు నాదేనని పెర్సీ గొణిగాడు. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. ఏం చెప్పినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా. ఎనిడ్ మ్యూరియల్ భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఊరుకుంది.

మ్యూరియల్ లేచి చెక్క దగ్గరికి వెళ్ళింది. భర్త బిళ్ళ తీసింది. పై వరసకెక్కిస్తుందనుకుని అందరూ లేచి నిలబడ్డారు. ఆమె ఎక్కించలేదు. దాన్ని నీళ్ళ వైపు కొక్కేనికి తగిలించి, సరిగ్గా నిలిచిందో లేదో చూసి, పక్కకి తప్పుకుంది.

నీళ్ళ వైపు ఒక బిళ్ళ ఉంటే పడవ దిగాలి. ముసలి పెర్సీ అలవాటుకొద్దీ తలుపు వైపు నడిచాడు, గడపదాకా వెళ్ళి ఆగాడు. బయట సముద్రం ప్రశాంతంగా ఉంది. అతను వెనక్కొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.