నీటిపొరలో గొంతులు

2078 నాటికి విశాఖపట్నంలో కుళాయి దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు గానీ, తొట్టి అంచున పేరుకునే ఉప్పుపొరకు కూడా ఉంటాయని ఎవరనుకున్నారు? కారే నీరు సున్నపు పొరగా గట్టిపడేటప్పుడు చుట్టూ వినిపించే శబ్దాలకు అతి సూక్ష్మంగా వణుకుతుంది. ఆ వణుకు పొరలో అచ్చుపడిపోతుంది. డాక్టర్ వకుళ కనిపెట్టిన 'శిలాశ్రవణి' ఆ పొరను లేజర్‌తో ఒలిచి, అచ్చును మళ్ళీ ధ్వనిగా మారుస్తుంది. ఒలిచిన పొర పొడైపోతుంది కనుక ఆ మాట ఇక యంత్రంలోనే మిగులుతుంది.

ఎవరు ముందు నోరు జారారో తేల్చుకోవడానికి అత్తాకోడళ్ళు ఉప్పుపెచ్చులు డబ్బాల్లో పట్టుకొచ్చేవారు. వకుళ విసుక్కోకుండా విని పెట్టేది. తను వినాల్సిన రాయి దగ్గరికి మాత్రం, యంత్రం చేసి తొమ్మిదేళ్ళయినా వెళ్ళలేదు.

అది అరకు కొండల్లో, వాగు పక్కనున్న గుహలో నీరు కారి గట్టిపడిన రాయి. ఇరవయ్యారేళ్ళ క్రితం రెండు కుటుంబాలు అక్కడ గుడారాలు వేసుకున్నాయి. వకుళ అక్క సుహాసిని కూతురు, నాలుగేళ్ళ ఇందుజ, అక్కడే మాయమైంది. కుక్కలు, డ్రోన్లు కొండంతా గాలించినా చెప్పు ముక్కయినా దొరకలేదు. ఆ రోజు పిల్లల బాధ్యత పదిహేనేళ్ళ వకుళది. "పిల్లల్ని లెక్కపెట్టకూడదే, దిష్టి తగులుతుంది" అని అమ్మమ్మ అంటే, లెక్కపెట్టకుండా చూపుతోనే సరిపెట్టుకుంది. ఆ తప్పును ఇంట్లో అందరూ క్షమించారు. అసలు తప్పు ఆమె ఎవరికీ చెప్పలేదు.

అనుమానం దారి చూపడానికి, వండిపెట్టడానికి వచ్చిన సోమన్న మీద పడింది. ఎనిమిది నెలలు జైల్లో ఉంచి, సాక్ష్యం లేక వదిలేశారు. ఊరి అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు.

"నా బిడ్డ గొంతు ఒక్కసారి వినిపించవే, ఇంకేమీ అడగను" అని సుహాసిని ఏడిస్తే వకుళ కాదనలేకపోయింది. కబురు తెలిసి డెబ్బయ్యేళ్ళ సోమన్న కూడా వచ్చి గుహ బయట కూర్చున్నాడు.

"నాను సేసినానో నేదో ఆ రాయే సెప్పాల" అన్నాడు.

లోపల యంత్రం పొరను ఒలిచి, బయటికి వినపడనంత మెల్లగా పలికింది. "పొర వయసు ఇరవయ్యారేళ్ళు. కంఠాలు నాలుగు. వినిపించమంటారా?"

"వినిపించు."

నీటి చప్పుడు. తర్వాత చిన్న గొంతు. "అమ్మా, వాగు దగ్గరికి పోదాం."

"తల తినకే. పిన్నితో పో." అది సుహాసిని.

"పిన్నీ..."

"నన్నెందుకే చంపుతావు? మీ అమ్మ దగ్గరికే పో!"

తర్వాత సోమన్న గొంతు. "అమ్మల్లారా, పిల్ల ఒక్కర్తీ తిరుగుతోంది, సూసుకోండి."

"మాకు తెలుసులే, నువ్వు వంట సంగతి చూడు" అని వకుళ గొంతు. పక్కనే సుహాసిని నవ్వు. ఆ తర్వాత నీటి చప్పుడు తప్ప మరేమీ లేదు. పాప ఎటు వెళ్ళిందో రాయికీ తెలియదు.

తను హెచ్చరించానని సోమన్న ఆనాడే పోలీసులతో చెప్పాడు. ఆ మాట అబద్ధమని అక్కాచెల్లెళ్ళిద్దరూ సంతకాలు పెట్టారు.

అక్క కూడా పాపను తరిమిందని ఇప్పుడే తెలిసి వకుళ ప్రాణం తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బయట సోమన్న వింటాడు" అంది సుహాసిని మెల్లగా. "మీ బావ వింటారు. ఊరంతా వింటుంది."

"అక్కా, చెరిపితే మొత్తం పోతుంది, ఇందు గొంతు కూడా. ఇంకెక్కడా లేదు."

పాప "అమ్మా" అన్న ఒక్క మాటను సుహాసిని మళ్ళీ పెట్టించుకుని విన్నది. కళ్ళు మూసుకునే, "తీసెయ్యి" అంది.

"శాశ్వతంగా చెరిపేయమంటారా?" అని యంత్రం అడిగింది.

"అవును" అంది వకుళ.

వాళ్ళు బయటికి రాగానే సోమన్న కర్ర ఊతంతో లేచాడు. "ఏటన్నాదమ్మా రాయి?"

"పొర పాడైపోయింది, సోమన్నా. ఏమీ వినపడలేదు" అంది వకుళ.

అతను సుహాసిని వైపు తిరిగాడు.

"అయ్యో, పాప గొంతయినా ఇనబడ్నేదా తల్లీ?" అంటూ భుజమ్మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.