తెర మీద పేరు

సారపాక కాగితం మిల్లు గేటు బయట టీ బండి దగ్గర ఆ పొద్దున బద్యా హడావుడి అంతా ఇంతా కాదు. "నా పేరు కంప్యూటర్ల వస్తున్నది" అని తోటి కూలీలకు చెప్పి, అందరికీ టీ తాగించి మరీ ఇంటికొచ్చాడు. ఇంట్లో కూతురు గోరి తినకుండా కూర్చుంది.

గోరి, అన్న తుల్సీరాం కలిసి ఏడాది కష్టపడి తెలుగులో టైపు చేసే ప్రోగ్రాం రాశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ మార్చుకోవచ్చు. తుల్సీరాం పనిచేసే భద్రాచలం కంప్యూటర్ సెంటర్ నుంచి ఫ్లాపీల్లో పంచారు. రాసినవారి పేరు ఉండాల్సిన చోట మాత్రం ఆ మహానుభావుడు తండ్రి పేరొక్కటే కొట్టాడు.

"హైదరాబాద్ కంపెనీల నౌకరికి పోతే నేను రాసింది చూపియ్యమన్నరు. తెరిస్తే బాపు పేరున్నది. మీ నాయిన రాసిండా అని నవ్విండ్రు." గోరి ఎదురుగా కూర్చున్న అన్న వైపు తిరిగింది. "సోమవారం మళ్ల రమ్మన్నరు."

"రేషన్ కార్డు, కరెంటు మీటరు, ఇంటి పట్టా, అన్నీ బాపు పేరు మీదనే గదా చెల్లె. గిదీ గట్లనే అనుకున్న. నా పేరు గూడ పెట్టుకోలే."

"నీకు నౌకరి ఉన్నదన్నా. అక్షరాలు కలిపే భాగమంత నేను రాసిన. ఆ మాట ఏడున్నది?"

బద్యాకు రోషం వచ్చింది. "బిడ్డల కష్టం మీద తండ్రి పేరుంటే తప్పా? తీసేస్తే నా మొహం ఏడ పెట్టుకోవాలె?"

రొట్టెలు కాలుస్తున్న తల్లి హేమ్లి ఇక ఊరుకోలేకపోయింది. "లారీల వెదురు దింపినన్నాళ్లు ఏమంటుంటివి? మోసేది మేము, పేరు మేస్త్రీది అని కంచం ముందు కూసొని తిట్టకపోతివా? ఇయ్యాల నువ్వే మేస్త్రీవైనవ్."

బద్యా లేచి చెప్పులేసుకున్నాడు. "నడువుండ్రి, ఆ సెంటర్‌కు పోదాం" అన్నాడు.

తండ్రీ బిడ్డలు ముగ్గురూ బస్సెక్కి గోదావరి దాటారు. సెంటర్లో గోరి ప్రోగ్రాం తెరిచింది.

"గిదేనా నా పేరు?"

"అవ్ బాపూ."

చదువురాని బద్యా ఆ అక్షరాలను కళ్లారా చూసుకున్నాడు. "ఏది నొక్కితే పోతది?"

"నేను తీస్త" అన్నాడు తుల్సీరాం.

"నువ్వాగు."

కూతురు చూపించిన మీటను కాయకాచిన వేలితో నొక్కాడు. పేరు చెరిగిపోయింది. బద్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ మీ పేర్లు కొట్టుండ్రి. ఎవరేం చేసిండ్రో గూడ రాయుండ్రి."

ఇద్దరి పేర్లూ తెర మీదికొచ్చాయి. బద్యా ముందుకు వంగాడు.

"ఇందుల నీది ఏది?"

గోరి చూపించింది.

"గింతనేనా? మీ అన్న పేరు పొడుగున్నది. నీది జర పెద్దగ కొట్టు బిడ్డా."

గోరి తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.