మూడు వందల వేగం

"మీ కారు మూడు వందల వేగంతో పోవడం లేదండీ. రెండు వందల యాభైతో పోతోంది."

ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అదే. రేసింగ్ గేమ్ విడుదలకు ఇంకా రెండు వారాలుంది. బయటివాళ్లను ఆఫీసుకి పిలిచి ఆడించి చూస్తున్నారు. అందరూ గెలవాలని ఆడుతుంటే, ఆమె మాత్రం ఒళ్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని తిన్నని రోడ్డు మీద ఒకే కారును మళ్లీ మళ్లీ నడిపింది.

ఆ కార్లకు స్పీడోమీటర్లు రాసిన ప్రోగ్రామర్ అతనే. చెవులు వేడెక్కాయి. నిజం కార్లలోనూ మీటరు కాస్త ఎక్కువే చూపిస్తుందని వాదించాడు.

"కాస్త చూపిస్తుంది. యాభై ఎక్కువ చూపించే మీటరు బిగిస్తే మా బాబాయి నన్ను షాపులోంచి గెంటేస్తాడు," అంది.

ఆమె తన బాబాయి షాపులో కార్ల మీటర్లు బాగుచేసే మెకానిక్. కిలోమీటరు దాటడానికి పన్నెండు సెకన్లు చాలాలి, ఇక్కడ పద్నాలుగు దాటుతోందని వేళ్ల మీద లెక్క చెప్పింది. వెళ్తూ వెళ్తూ, "టైర్లేమైనా మార్చారా?" అని అడిగింది.

గేమ్‌లో టైర్లు మార్చడమేమిటని అతనికి నవ్వొచ్చింది. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. వెతికితే, అందం కోసం వేగమైన కార్లన్నింటికీ చక్రాలు చిన్నవి చేశారని తేలింది. మీటరు మాత్రం ఇంకా పాత పెద్ద చక్రాల కొలతతోనే వేగం లెక్కకడుతోంది.

మీటరును దించి రెండు వందల యాభై చూపిస్తే పని అయిపోయేది. కానీ పోస్టర్ల నిండా మూడు వందలని ఉంది. మీటరు ఎవరు పట్టించుకుంటారు, వదిలెయ్యమంది మేనేజర్.

"పట్టించుకున్న మనిషి ఒకరు వచ్చి వెళ్లారు మేడమ్," అన్నాడతను. కార్లే నిజంగా మూడు వందలు అందుకునేలా చేస్తాననీ, పన్నెండు రోజుల్లో ఆ పదకొండు కార్లూ సరిచేస్తాననీ మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మీటర్ల షాపుకి వెళ్లాడు. బాగుందని మెచ్చుకునేవాళ్లు తన ఆఫీసులో కావలసినంతమంది ఉన్నారనీ, బాగాలేదని మొహం మీద చెప్పే మనిషి కావాలనీ అడిగాడు. షాపు తెరిచేలోగా రోజూ గంటసేపు వస్తానంది.

మూడు వందల వేగానికి కార్లు మలుపుల్లో నిలవలేదు. గోడల్ని గుద్దాయి, గాల్లోకి లేచాయి. ఒక్కోదాన్ని పాతికసార్లు సరిచేశాడు. ఆమె పాతికసార్లూ పెదవి విరిచింది. ఓ పొద్దున వానలో తడిసి ముద్దై వచ్చింది. తల తుడుచుకోమని అతను తువ్వాలు ఇస్తే, ముందు కీబోర్డు తుడిచింది. అప్పుడే ఆమెను అంతసేపు చూశాడు. తెరమీద అతని కారు గోడకి గుద్దుకుంది.

ఐదో కారు దగ్గర అతను విసుక్కున్నాడు. మీకు అసలేదైనా నచ్చుతుందా అనేశాడు. మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు షాపుకి పరిగెత్తాడు. ఆమె వేలికి కట్టుంది.

"కోపమొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. వేలు తెగినందుకు కాదు, రెండు రోజులైనా చూడ్డానికి రానందుకు."

మర్నాటినుంచి ఆమె స్టాప్‌వాచ్ ఎడమచేత్తో నొక్కింది. ఇద్దరూ పోటీపడి పనిచేశారు. చివరి రోజు పదకొండో కారు సరిగ్గా పన్నెండు సెకన్లలో కిలోమీటరు దాటింది. మేనేజర్ రెండుసార్లు చూసి సంతకం పెట్టింది. ఆమె సంచీ తగిలించుకుంది.

"రేపటినుంచి మీరు రాకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు," అన్నాడతను.

ఆమె సంచీ పట్టీ సర్దుకుంటూ నిలబడింది. "నాకూ అంతే. కానీ ఆ మాట మీరే మా బాబాయితో చెప్పాలి."

ఆ మధ్యాహ్నమే చెప్పాడు. బాబాయి చేతిలో మీటరు విప్పడం ఆపకుండానే విన్నాడు. ఉద్యోగం, ఇల్లు, అమ్మానాన్నలు, అన్నీ అడిగాడు. అన్నింటికీ జవాబు చెప్పేసరికి అతని చొక్కా చెమటకి తడిసింది.

"అది మొండిది బాబూ. పట్టిందంటే వదలదు."

"నేనూ వదలనండి."

బాబాయి స్క్రూడ్రైవర్ కింద పెట్టి, లోపలి గది వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. మొహంలో నవ్వు దాగడం లేదు.

"లోపలికి రా. పిన్నితో కూడా నువ్వే చెప్పాలి," అంది.

ఇన్ని రోజుల్లో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.