మండని ఇంజన్

“నాలుగింటికి ఉపగ్రహం వెనక్కి తిరుగుతుంది. దాని యాంటెన్నా మనవైపు ఉండదు. ఇక గొంతు చించుకున్నా మాట వినదు. అలా తిరగమన్న కమాండ్ మీ అక్క పాస్‌వర్డ్‌తోనే వెళ్ళింది,” అన్నాడు చీఫ్.

“అక్క ఆ పని చెయ్యదు సార్!” అన్నాడు ఏజెంట్.

“అయితే చేసిందెవరో తేల్చు. ఇప్పుడు పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. కొత్తది దొరికితేనే కమాండ్ రద్దవుతుంది. ఇరవై నిమిషాలు టైముంది. దొరకలేదో, ఆవిడ జైలుకే.”

ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. చేతిలో మైకు దాచిన టెస్టర్ ఉంది. అక్క చేతులకు బేడీలు, వెనక కాపలావాడు. తమ్ముణ్ణి చూసి కూడా ఆమె చూడనట్టే ఉంది. నాలుగు నెలలుగా ఆమె కరెంటు ఇంజన్‌తో ఉపగ్రహాన్ని పై కక్ష్యకు ఎక్కిస్తోంది. ఆ ఇంజన్ తోసే బలం అరచేతిలో కాగితం బరువంత. నత్తనడక అంటే నత్తకు కోపం రావాలి! ఇప్పుడా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు కాబోతోంది.

గదిలో మిగిలింది ఇంజన్ సలహాదారు మేడమ్ ఒక్కతే. పట్టు స్కార్ఫ్, అత్తరు ఘుమఘుమ. అక్క మీద సమాచారమిచ్చింది ఆమే, చీఫ్ నమ్మిన మనిషి. ఈ ఇంజన్లతో ఆరేళ్ళు కాపురం చేశానని చెప్పుకుంటుంది.

మూడూ యాభైఏడు. ఏజెంట్ ఏసీ మూత విప్పుతూ, “ఆ ఇంజన్ అసలు ఆగదా మేడమ్?” అన్నాడు.

“నీకెందుకయ్యా? గ్యాస్ ఉన్నన్నాళ్ళూ మండుతూనే ఉంటుంది.”

అక్క గబుక్కున తలెత్తింది. ఆ ఇంజన్లో ఉండే జెనాన్ వాయువు మండదు. కరెంటు దానికి విద్యుదావేశమిచ్చి వెనక్కి విసురుతుంది, అంతే. ఇక్కడ ‘మండటం’ అన్నవాణ్ణి అక్క గుమ్మం బయట నిలబెడుతుంది. ఓసారి తమ్ముడూ నిలబడ్డాడు.

“ఆరేళ్ళ కాపురంలో పొయ్యే వెలగదని తెలీలేదా మేడమ్?”

మేడమ్ పిస్తోలు తీసింది. టెస్టర్ దెబ్బకు అది బల్లకిందికి జారింది. కాపలావాడు ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు.

“పాస్‌వర్డ్ చెప్పు!”

“చెప్పను. ఇంకో రెండు నిమిషాలేగా.”

ఏజెంట్ చేతులు జోడించాడు. “దణ్ణం పెడతాను, చెప్పు. మా అక్క బతుకు!” గూఢచారి బతిమాలకూడదని శిక్షణలో చెప్పారు. చెప్పినవాళ్ళకు అక్కలు లేరు కాబోలు.

“ఒరేయ్, ఆ లిప్‌స్టిక్!” అరిచింది అక్క. “పొద్దుట్నుంచీ పదిసార్లు తీసింది, ఒక్కసారీ పూసుకోలేదు!”

ఏజెంట్ దాన్ని లాక్కుని బల్లకేసి కొట్టాడు. గొట్టం పగిలింది. లోపల చుట్టిన చీటీ. అక్క బేడీల చేతులతోనే అక్షరాలు కొట్టింది. నాలుగింటికి ఒక్క సెకను ముందు, ‘కమాండ్ రద్దు’ అని ఉపగ్రహం బదులిచ్చింది.

తెరమీద ఉపగ్రహం ఎత్తు చూపే అంకె మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

“గెలిచామా అక్కా?”

ఆమె కన్నీళ్ళు భుజానికేసి తుడుచుకుంది. “గెలిచాంరా. కంటితో చూడాలంటే మాత్రం ఎల్లుండి రా.”