రేకు వెనక చప్పుడు

కార్లిన్ ఫాల్స్ మెయిన్ స్ట్రీట్‌లో హ్యుబ్నర్ చెప్పుల కొట్టు ముందు చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. మేడ మీద ఎవరో నడుస్తారట... టక్... టక్... ఒక్క కాలికే బూటు తొడుక్కున్నట్టు. కొట్టు మూతబడి ఇరవై ఏళ్లు. అద్దెకొచ్చిన ముగ్గురూ వారానికే సామాన్లు సర్దేశారు.

ఎదుటి మంగలి డ్వేన్‌కి అదో వేడుక.

"మీ నాన్న రెండో బూటు వెతుక్కుంటున్నాడు లోర్నా. దొరికేదాకా కదలడు."

నాన్న పోయాక కొట్టు చేతికొచ్చిన లోర్నా హ్యుబ్నర్‌కి ఒళ్లు మండేది. ఎండాకాలంలోగా ఎవరూ చేరకపోతే కొట్టు పడగొట్టి కార్లు నిలుపుకునే జాగా చేస్తామని నగరసభ నోటీసు అంటించింది. కార్లు నిలిపి ఎక్కడికెళ్తారట? ఊరంతా ఏనాడో బైపాస్ పక్క మాల్‌కి ఎగబడిపోయింది. వీధిలో సగం కొట్లకి తాళాలే.

డిసెంబరులో డిమోయిన్ నగరం నుంచి ఓ జంట కొట్టు చూడ్డానికొస్తామన్నారు. బీరు కాచి అమ్ముతారట. వీళ్లనీ పోనివ్వకూడదనుకుంది లోర్నా. ఆరింటికి వాళ్లొస్తారనగా, టార్చి, సుత్తి పట్టుకుని ఒక్కతే మేడెక్కింది. బయట అప్పటికే చిమ్మచీకటి.

టక్... టక్...

"నాన్నా?" అంది మెల్లగా. అన్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

చప్పుడు వీధివైపు గోడలోంచి. అడ్డంగా కొట్టిన చెక్కలు ఊడబెరికింది. వెనక — బార్లా తెరిచిన కిటికీ. దాని అవతల, కొట్టు ముఖమంతా కప్పేసిన నీలం రేకు. మాల్‌లా కనపడాలని 1964లో నాన్న కొట్టించిందే. కౌంటీ సంతలోగా అయిపోవాలని ఆయన తొందరపెట్టడం తనకి గుర్తే. ఆ తొందరలో పనివాళ్లు కిటికీ మూయకుండానే రేకు బిగించేశారు. సందుల్లో దూరిన గాలికి, కిటికీ తెర లాగే తాడు చివరి కొయ్యగుండు రేకుకి కొట్టుకుంటోంది. ముగ్గుర్ని తరిమిన దెయ్యం ఇదీ!

తాడు కోసేసింది.

ఆరింటికి డిమోయిన్ జంట, ట్రెంట్, మారిబెల్ వచ్చారు. మెట్ల మీద ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు.

"ఏం వినపడట్లేదే?" అంది మారిబెల్.

లోర్నా గర్వంగా జరిగిందంతా చెప్పింది. తాడు ముక్క కూడా చూపించింది.

మారిబెల్ ముఖం వాడిపోయింది. "అయ్యో... మేమొచ్చిందే దాని కోసమండీ. దెయ్యమున్న చోటంటే నాలుగూళ్ల నుంచి జనమొస్తారని..."

ఆలోచించి చెప్తామన్నాడు ట్రెంట్. ఆ వైపు జనం కుదరదని చెప్పేది ఆ మాటతోనే.

వాళ్లు గడప దాటారో లేదో, లోర్నా డెబ్బై ఏళ్ల మోకాళ్లతో మళ్లీ మేడెక్కింది. ఏడుపొచ్చేంత ఉక్రోషం. కిటికీలోంచి చెయ్యి చాపి సుత్తి పిడితో రేకు మీద కొట్టింది.

టక్... టక్...

కింద అడుగులు ఆగాయి. ఆమె ఆశగా ఇంకోసారి కొట్టింది.

"విన్నావా?" — ట్రెంట్ గొంతు.

"ఆవిడ తాడు కోసేసిందిగా..." మారిబెల్ గుసగుస వణికింది. "మరిదెవరు?"

తర్వాత పరుగు. కారు తలుపులు ధడేల్మన్నాయి. బైపాస్ మలుపు దాకా ఇంజిను మోత వినపడుతూనే ఉంది.

వెనకటి ముగ్గురూ వారమన్నా ఉన్నారు.