కంబళి కింద రెండో ఊపిరి

ఒళ్లు కాలిపోతున్న బిడ్డ మీద కంబళి కప్పి, తలుపులు మూసి, చెమట పడితే దిగుతుందిలే అని కూర్చునేవాళ్లారా, మీకే చెబుతున్నా. మీ చేతులు ఏం చేస్తున్నాయో మీకు తెలుసా? నాగక్కకు తెలుసు. తెలిసే రెండోసారి చేసింది.

మంత్రాలయం దారిలో ఒక పల్లె. నాగక్క ఇంట్లో మూడు తరాలుగా గొర్రెలే బతుకు. ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు దండెం మీది నల్ల కంబళి దిగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, ఐదేళ్ల మనవరాలు శివజ్యోతికి జ్వరం పెరిగింది. పెదాలు ఎండాయి. మాట తడబడుతోంది.

"కప్పొద్దత్తా," అంది కోడలు శివకుమారి చెప్పులు తొడుక్కుంటూ. "తడిగుడ్డతో తుడుస్తా ఉండు. గుక్క గుక్క నీళ్లు తాపు. ఆశా వర్కరు రాహేలమ్మను పిల్చుకొస్తా."

"నువ్వు పుట్టకముందు నుంచి జ్వరాలు చూస్తాండా. పోపో, నాకు నేర్పొద్దు."

కోడలు గడప దాటగానే నాగక్క కిటికీ మూసింది, తలుపు దగ్గరికేసింది, బిడ్డను కంబళితో మెడ దాకా కప్పింది.

మిద్దె ఇల్లు చీకటైంది. గొర్రెబొచ్చు వాసన, వేపాకు పొగ. బయట ఎండకు కుక్క కూడా మొరగడం లేదు. బిడ్డ ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, రొప్పుతున్నట్టు.

కాసేపటికి నాగక్క చెవి రిక్కించింది. ఊపిరి ఒకటి కాదు... ఒకటి ఆగిన చోట ఇంకోటి...

"అవ్వా," బిడ్డ గుసగుసగా అంది. "కంబళి తీయమంటాంది."

"ఎవరే?"

"నా పక్కన పండుకున్న పాప. శానా ఉడుకుగా ఉందంట. పేరడిగితే... అవ్వకు తెలుసులే అంటాంది."

నాగక్క కంబళి కేసి చూసింది. ముప్పై ఏళ్ల కిందట, ఇదే గదిలో, ఇదే కంబళి కింద, తన కూతురు "తీయమ్మా... తీయమ్మా" అంటూ మాట ఆపేసింది. గాలి సోకి పోయిందని నాగక్క ఊరికి చెప్పింది. బిడ్డతోపాటే కంబళినీ పూడ్చమని పెద్దలంటే, మంచి బొచ్చని దాచుకుంది.

తీయాలని చెయ్యి చాపింది. భయపడి వెనక్కి లాక్కుంది.

శివజ్యోతి రెండు చేతులూ బయటికొచ్చాయి. ఆ తర్వాత... అంచు కింద నుంచి మూడోది. చిన్నది. నిప్పులా కాలుతూ నాగక్క మణికట్టు పట్టుకుంది.

"ఇంక నీకు కప్పుతాదంట అవ్వా..."

తలుపు తెరుచుకుంది. వెలుతురు పడింది. శివకుమారి ఒక్క గుంజుతో కంబళి తీసి పారేసింది. కింద ఒక్క బిడ్డే ఉంది. చాప మీద మాత్రం చెమట మరకలు రెండు.

"బిడ్డను ఉడకబెడతాండావా అక్కా?" అంది రాహేలమ్మ, థర్మామీటరు చూస్తూ. నూట నాలుగున్నర. కిటికీ తెరిచి, ఒళ్లంతా తుడిచి, బరువును బట్టి మందు తాపి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడో రోజుకు శివజ్యోతి లేచి కూర్చుంది.

నాగక్క లేవలేదు. ఆ సాయంత్రం నుంచి ఒళ్లు ఉడికిపోతోందంటుంది. ఎంతమంది డాక్టర్లు చూసినా జ్వరం లేదు. వంటి మీద తడి పంచె తప్ప ఏమీ ఉండదు. అయినా రెండు చేతులతో గాలిని తోస్తూ "తీయండి... తీయండి" అని గొణుగుతుంది.

కంబళిని ఊరి బయట వంకలో, ఇసుక మీద వేసి కాల్చి ఆరు నెలలైంది. రోజూ పొద్దున కోడలు ఆమె పెదాల మీద నుంచి నల్లటి గొర్రెబొచ్చు ఏరుతూనే ఉంది.