రౌటర్‌లో తాతయ్య పేరు

మధ్యాహ్నం మూడు గంటలకు రేచల్ ఇంట్లో ఒక్కతే ఉంది. అమ్మ రత్నకుమారి నర్సు, ఆసుపత్రికి వెళ్లింది. నాన్న దానియేలు రైల్వే ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. హిందీ ఊళ్లో వాళ్లుండే మోవా పేటలో మే నెల ఎండకు అందరూ తలుపులు వేసుకున్నారు. వీధిలో మనిషి అలికిడి లేదు.

ట్యాబ్‌లో వీడియో ఆగి ఆగి వస్తోంది. పక్కింటి వంశీ మళ్లీ తమ వైఫై వాడుతున్నాడేమోనని, రేచల్ నాన్న పాత ఫోన్‌లో రౌటర్ యాప్ తెరిచింది. ఏమేమి కనెక్ట్ అయ్యాయో అందులో కనిపిస్తుంది.

టీవీ. తన ట్యాబ్. నాన్న పాత ఫోన్. నాలుగో పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

జాషువా.

అది తాతయ్య పేరు. అమ్మ వాళ్ల నాన్న. పోయిన క్రిస్మస్‌కు ముందే ఆయన చనిపోయారు. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. ఇప్పుడు, ఈ ఇంట్లోనే ఉన్నట్టు.

లోపలి గదిలో అటక మీద నుంచి సన్నగా చప్పుడు వినిపించింది. ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది.

రేచల్ బ్లాక్ నొక్కేసింది. పచ్చ చుక్క పోయింది. చప్పుడు పోలేదు.

నాన్న వచ్చేదాకా ఆమె బయట మెట్ల మీదే కూర్చుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అమ్మ ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. తాతయ్య బైబిల్ కీర్తనలు చదివి దాచిన రికార్డింగులు తెరుచుకోవడం లేదట. అవి అటక మీదున్న ఆయన పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా వైఫై మీద వినొచ్చు. అమ్మ రోజూ డ్యూటీకి వెళ్లే ముందు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకటి వింటుంది. రేచల్‌కు ఇన్నాళ్లూ ఆ సంగతే తెలియదు.

తాను బ్లాక్ చేసిన పేరు ఆమెకు గుర్తొచ్చింది. అయినా నోరు తెరవలేదు.

నాన్న రెండు రోజులు తంటాలు పడ్డాడు. రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. అటక ఎక్కి వైర్లు పీకి పెట్టాడు. యాప్‌లో చూడాలని ఆయనకు తోచలేదు. కంప్యూటర్ నడుస్తూనే ఉంది, ఫోన్‌కు మాత్రం అందడం లేదు. అమ్మ పొద్దున్నే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటోంది. వాటిలో ఏమీ మోగడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న కంప్యూటర్‌ను దింపి సంచిలో పెట్టాడు.

"దుకాన్‌లో ఇచ్చేస్తా బేటా. ఫార్మాట్ చేస్తే ఠీక్ అవుతుందంటున్నారు. లోపలున్నవి పోతాయేమో."

రేచల్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తీసుకెళ్లొద్దు నాన్నా. నేనే బ్లాక్ చేశాను. తాతయ్య పేరు కనిపిస్తే భయమేసింది."

నాన్న సంచి కింద పెట్టాడు. తిట్టలేదు. తాతయ్య ఆ కంప్యూటర్‌కు తన పేరే పెట్టుకున్నారని, ఆ చప్పుడు దాని ఫ్యాన్‌దని చెప్పాడు. కంప్యూటర్ ఆన్ చేసి, యాప్‌లో బ్లాక్ తీసి, ఒక రికార్డింగు పెట్టాడు. కాసేపటికి, కర్టెన్లు వేసిన ఆ గదిలో తాతయ్య దగ్గారు. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. రేచల్ ఒళ్లు జలదరించింది. అయినా కదలకుండా చివరిదాకా వింది.

వైర్ ఖరాబ్ అయిందని అమ్మకు తాను చెబుతానన్నాడు నాన్న.

సాయంత్రం గేటు చప్పుడు కాగానే రేచల్ చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

"అమ్మా, కంప్యూటర్ పాడవలేదు. నేనే ఆపేశాను. మూడు రోజులూ నీకు చెప్పలేదు."

అమ్మ గేటు పట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"తాతయ్య గొంతు ఉందా?"

"ఉంది."

అమ్మ భుజం మీది బ్యాగు తీయకుండానే మెట్టు మీద కూలబడి, రేచల్‌ను దగ్గరికి లాక్కుంది.